మెతుకు పట్టి చూసిన మనిషి

1987వ సంవత్సరం జూన్ నెల పదిహేనవ తేదీ, సోమవారం నాడు, మన బ్యాంకు ప్రధాన కార్యాలయపు మూడవ అంతస్తులో, కిటికీలు లేని ఒక పొడవాటి హాలులో, చీటీలు రాసే గుమస్తాగా ఒక యువకుడు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆ హాలు పేరు డీలింగ్ రూమ్. గోడ నిండా గడియారాలు, ఒక్కొక్క బల్లకు మూడేసి టెలిఫోన్లు, ఒకేసారి పదిమంది కేకలు. మొదటిసారి అడుగుపెట్టినవారికి అది బ్యాంకులా కాక, ఆఖరి బస్సు తప్పిపోయిన జనమంతా ఒకచోట పోగైనట్టుగా కనిపించేదట. ఆనాటి ఆ యువకుడే ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న, మనమందరం ఎదుట ‘సార్’ అనీ చాటున ‘మెతుకు గారు’ అనీ పిలుచుకునే మన పూర్వ ప్రధాన డీలరు గారు.

ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఎవరో కూడా చెప్పడం ధర్మం. ఆ హాలుకు ఆనుకుని ఉన్న వెనక గదిలో, లావాదేవీల పరిష్కార విభాగంలో, నేను ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ముందు గదిలోని దొరలు కొన్నామని అరిచింది కొన్నట్టుగానూ, అమ్మామని అరిచింది అమ్మినట్టుగానూ, బాండ్లూ డబ్బూ సక్రమంగా చేతులు మారేలా చూడటం మా పని. ఈ అభినందన సంచిక కార్యదర్శి గారు నా గదికి వచ్చి ఎంతో వినయంగా ఒక మనవి చేసుకున్నారు.

“మేడమ్, మీకంటే ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళు లేరు. అంతా రాయండి. కాకపోతే ఆ ఒక్క సంవత్సరం గొడవ మాత్రం కాస్త దాటెయ్యండి. ఇంట్లోవాళ్ళు కూడా చదువుతారు కదా.”

“దాటేస్తే ఇంకేం మిగుల్తుంది బాబూ? చేరిన తేదీ, దిగిపోయే తేదీ. ఆ రెండూ గుర్తింపు కార్డు మీదే ఉన్నాయి, వాటికి నేనెందుకు?” అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోదలచుకోలేదు. అభినందన సంచికల్లో ప్రతి ఉద్యోగీ దేవతాంశ సంభూతుడే. ఆ పూజకు మా సార్‌ను కూడా కూర్చోబెట్టడం ఆయనకు గౌరవం కాదు. అంతకంటే ముఖ్యం, ఆ సంవత్సరం ఆయన ఇంట తెగిపోయిన బంధమొకటి నేటికీ అతకలేదు. అది అతుకుతుందా, లేక ఇలాగే పోతుందా అన్న బెంగ ఈ విరమణతో ఇంకా ముదిరింది. దాన్ని దాటేసి రాయడమంటే ఒంటి మీద దుస్తులను పొగిడి, లోపలి పుండును చూడనట్టు నటించడమే అవుతుంది.

డీలింగ్ రూమ్ లాభాలు ఎలా సంపాదిస్తుందో మన బ్యాంకులోనే చాలామందికి తెలియదు. బోనస్‌లు ప్రకటించిన రోజున మాత్రం అందరూ ఆ హాలు వైపు చూసి కళ్ళలో నిప్పులు పోసుకునేవారు. మా సార్ నేర్చుకున్న మొదటి పాఠం అన్నింటికంటే సులువైనది, అన్నింటికంటే న్యాయమైనది. ఖాతాదారు ఫోన్ చేసి ఫలానా బాండు ధర ఎంత అని అడిగితే డీలరు రెండు ధరలు చెప్పాలి: మేము ఎంతకు కొంటామో ఒకటి, ఎంతకు అమ్ముతామో మరొకటి. అడిగినవాడు కొనడానికి వచ్చాడో అమ్మడానికి వచ్చాడో తెలియకముందే చెప్పాలి. ఆ రెండింటి నడుమ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అదే బ్యాంకుకు మజూరీ. రోజుకు కొన్ని వందల వెంట్రుకలు పోగైతే సాయంత్రానికి ఒక జడ అవుతుందని ఆయన అనేవారు. ఆ పద్ధతి ఆయన రక్తంలో ఎంతగా కలిసిపోయిందంటే, బయట ప్రపంచంలో కూడా ఒక్క ధర చెప్పేవాడిని ఆయన నమ్మేవారు కాదు.

ఉద్యోగంలో చేరిన నాలుగవ ఏట ఆయనకు వివాహమైంది. నేను వదినగారూ అని పిలుచుకునే ఆ ఇల్లాలు ఒంటరిగా కాపురానికి రాలేదు. తల్లిదండ్రులు పోయిన ఏడేళ్ళ తమ్ముణ్ణి వేలు పట్టుకుని వచ్చారు. ఇంట్లో అందరూ అతణ్ణి చిన్నోడు అనేవారు. పెళ్ళినాడే బావమరిదిని కొడుకుగా తెచ్చుకున్న అల్లుడని బంధువులు ఎకసెక్కాలు ఆడితే, మా సార్ “కొడుకైతే ఎప్పుడో పుట్టాలి, పెంచాలి, నాకు అన్నం కలుపుకుని తినేవాడు రెడీగా దొరికాడు” అని నవ్వేసేవారట. చిన్నోడు హైస్కూలుకు వచ్చినప్పుడు చదువుకునే బల్ల కొందామని ముగ్గురూ ఒక ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళిన ముచ్చట వదినగారు చెబుతుంటే వినవలసిందే. దుకాణదారు ధర చెప్పాడు.

“సరే, అమ్మే ధర చెప్పావు. రేపు పొద్దున్నే ఇదే బల్ల నేను తెచ్చిస్తే ఎంతకు కొంటావ్?” అన్నారట మా సార్.

“తెచ్చివ్వడమేంటి సార్? అసలు మీకు బల్ల కావాలా, వద్దా?”

“అది నీకు తెలియకూడదయ్యా. తెలిస్తే ధర మార్చేస్తావ్.”

దుకాణదారు గొంతు తగ్గించి వదినగారి వైపు తిరిగి, “అమ్మా, సారుకి ఒంట్లో బాగానే ఉంటుందా?” అని అడిగాడట. వదినగారు సిగ్గుతో బీరువాల వెనక్కి వెళ్ళిపోయారు. చిన్నోడు అదే బల్ల కిందకి దూరి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చివరకు దుకాణదారు విసిగి, “సగానికి కొంటా, సరేనా!” అన్నాడు. “అంటే నేనిచ్చే డబ్బులో సగం బల్లకి, సగం నీ మాటకి అన్నమాట” అని తేల్చి, మా సార్ అడిగినంతా ఇచ్చి కొన్నారు. ఎందుకంటే చిన్నోడు అప్పటికే దాని మీద మోచేతులు ఆనించుకుని కూర్చున్నాడు. ఆ నాటి నుంచి బావా బావమరుదులకు అదొక ఆట అయింది. పెన్ను చూసినా, సైకిలు చూసినా ‘అమ్మేదెంత, కొనేదెంత’ అనుకునేవారు. వ్యాపారంలో చిన్నోడికి ఓనమాలు దిద్దించింది మా సారే.

రెండవ పాఠం అంత మంచిది కాదు. ఆ రోజుల్లో హాలుకు పెద్దగా ఉన్న అధికారిని అందరూ చెవి గారు అనేవారు. ఆయన కొత్త డీలర్లను పక్కన కూర్చోబెట్టుకుని, “ధర చూడకురా, గొంతు విను. అమ్మక తప్పనివాడు ఫోన్ ఎత్తగానే ముందు నీ ఆరోగ్యం అడుగుతాడు” అని బోధించేవారు. అవసరంలో ఉన్నవాడని పసిగడితే, రెండు ధరలనూ మెల్లగా అతడికి ప్రతికూలమైన వైపు జరపాలి. మజూరీకి మజూరీ, పైన భయానికి వెల. మా సార్ ఈ విద్యలోనూ ఆరితేరారు. దాన్ని నేను దాచను, ఆయనా ఏనాడూ దాచలేదు. మార్కెట్లు కుప్పకూలిన ఒక ఏడాది, ఒక ఆసుపత్రి ట్రస్టు తన బాండ్లన్నీ ఒక్క రోజులో అమ్ముకోవలసి వచ్చింది. ఆ కోశాధికారి ఫోన్‌లో మా సార్ ఆరోగ్యం రెండుసార్లు అడిగాడట. ఆ ఒక్క ఫోన్‌తో మా హాలుకు ఆ ఏటి లాభంలో పెద్ద వాటా వచ్చింది, మా సార్‌కు పదోన్నతి వచ్చింది. మరునాడు నేను అభినందనలు చెబితే ఆయన తల ఎత్తలేదు.

“ఈ లాభం ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసామ్మా? మనం తెలివిగా చేసిందేం లేదు. అవతల ఒకాయన గొంతు వణికింది, అంతే.”

ప్రధాన డీలరు కాగానే ఆయన చేసిన మొదటి పని, ధర అడిగే ఖాతాదారు పేరు డీలరుకు చెప్పకూడదని నిబంధన పెట్టడం. ఫోన్ ఎత్తేవాడు ఒకడు, ధర చెప్పేవాడు మరొకడు. ఆ ఏడాది లాభం తగ్గింది. పై అంతస్తులో సణుగుడు మొదలైంది. సన్యాసం పుచ్చుకోదలిస్తే బ్యాంకు ఎందుకు, కొండలకు పోవచ్చు కదా అని ఒక డైరెక్టరు గారు నలుగురిలో అన్నారు కూడా.

మూడవ రకం లాభమే మన కథకు మూలం. అరుదుగా చేతులు మారే బాండ్లు కొన్ని ఉంటాయి. వాటికి సంతలో రోజువారీ ధర ఉండదు. కొన్న డీలరే నెలాఖరున ‘నా అంచనా ఇంత’ అని ధర రాస్తాడు. నిన్నటి కంటే ఎక్కువ రాస్తే ఆ ఎక్కువంతా లాభం. అమ్మలేదు, ఎవరూ కొనలేదు, పైసా రాలేదు. అయినా అది లాభమే, దాని మీద బోనస్ కూడా రొక్కంగానే ఇస్తారు. తన పిల్లవాడి పరీక్ష పేపరు తానే దిద్దుకుని, వచ్చిన మార్కులకు ఊరంతా మిఠాయి పంచడం లాంటిది ఇది. దీనికి విరుగుడుగా మా సార్ బోర్డు చేత ఆమోదింపజేసిన సూత్రం ఒక్కటే: ఎవరైనా ఒక బాండుకు ధర రాస్తే, అందులో చిన్న ముక్కను ఆ ధరకు ఆ నెలలోనే బయటివాడికి అమ్మి చూపించాలి. “అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు” అని ఆయన ఆ సమావేశంలో అన్న మాటే ఆయన పేరైంది. కొత్తగా చేరిన డీలర్లు కొందరికి ఆయన అసలు పేరు తెలియడానికి నెలలు పట్టేది.

చిన్నోడు పరీక్ష రాసి, ఎవరి సిఫార్సూ లేకుండా, మన బ్యాంకులోనే డీలరుగా చేరాడు. బంధుత్వం ఉందని మా సార్ రాతపూర్వకంగా తెలియజేసి, అతడి పదోన్నతులూ బోనస్‌లూ తన చేతి మీదుగా పోకుండా చూసుకున్నారు. మెతుకు సూత్రం మాత్రం అందరికీ ఒక్కటే. ఆఫీసులో వారిద్దరూ ‘సార్’, ‘మీరు’ అనే పిలుచుకునేవారు. చిన్నోడు చురుకైనవాడు, నవ్వు ముఖం, వెనక గది వాళ్ళం కూడా మనుషులమేనని గుర్తుంచుకునే బహు కొద్దిమంది డీలర్లలో ఒకడు. ఒక పెద్ద వంతెన కడుతున్న సంస్థ జారీ చేసిన బాండ్లను అతడు నమ్మి గుట్టలుగా కొన్నాడు. నూటికి తొంభైకి కొన్నవి ఏడాదిన్నరలో తొంభై ఆరుకు చేరాయి. అంటే, చేరాయని అతడు రాశాడు. ప్రతి నెలా ఒక మెతుకు తొంభై ఆరుకు అమ్మి చూపించాడు కూడా. అతడి బల్లను, అంటే ఆ బాండ్లు చూసే డీలర్ల జట్టును, పై అంతస్తువారు మిగతా బల్లలకు ఆదర్శంగా చూపించేవారు. మా సార్ పైకి అనేవారు కాదు గానీ, ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం వెలిగేది.

ఎనిమిదేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం నేను ఆయన గదికి వెళ్ళి తలుపు మూశాను.

“సార్, ఆ వంతెన బాండ్లు నెలాఖరున ఒకే బ్యాంకుకి అమ్ముతున్నారు. అమ్మిన ముక్క వారం తిరక్కుండా అక్కణ్ణుంచే మళ్ళీ మనకొస్తోంది. అత్తారింటికి పంపిన పిల్ల నాలుగు రోజులకే పుట్టింటికొచ్చినట్టు.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఎన్నాళ్ళ నుంచి?”

“మూడేళ్ళ పైమాటే.”

“ఇది చూసింది నువ్వేనా, ఇంకెవరైనా చూశారా?”

“నేనే సార్.”

“అయితే నాకు చెప్పానని ఎవ్వరితోనూ అనకు. నేనే చూశానని చెప్తా. ఈ నిప్పు నీ ఒళ్ళో ఎందుకు?”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అవతలి బ్యాంకులో చిన్నోడి స్నేహితుడొకడు ఉన్నాడు. ఇతడి మెతుకు అతడు కొనేవాడు, అతడి మెతుకు ఇతడు కొనేవాడు, వారం తర్వాత ఎవరివి వారు వెనక్కి తీసుకునేవారు. బావ పెట్టిన పరీక్షను ఎలా దాటాలో బావ చేతి ముద్దలు తిన్నవాడికే తెలిసింది. పోనీ, అది అక్కడితో ఆగినా బాగుండేది. సరిగ్గా ఆ నెలలోనే పై అంతస్తువారు ఒక దివ్యమైన ఆలోచన చేశారు: ఆ బాండ్లన్నింటినీ తొంభై ఆరుకు మన ఉద్యోగుల పింఛను నిధికి అమ్మేయాలని. ఆ నిధిని నడిపే ధర్మకర్తలూ వారే. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకే ఒంటివైనప్పుడు బేరం కుదరకపోవడమెక్కడ? డీలింగ్ రూమ్‌కు రికార్డు లాభం, గేటు దగ్గర కాపలా కాసేవాడి నుంచి కౌంటరులో నోట్లు లెక్కించేవారి దాకా అందరి వృద్ధాప్యానికీ ఎవరూ కొనని వంతెన.

ఆ మరునాడు మా సార్ హాలులోకి వచ్చి చిన్నోడి బల్ల ముందు నిలబడ్డారు. నేను సంతకాల కోసం అక్కడే ఉన్నాను.

“వంతెన బాండ్లకి మెతుకు పట్టి చూద్దాం. ఈసారి నేనమ్ముతాను. మీరెప్పుడూ అమ్మని చోట.”

“మొన్ననే అమ్మాం కదా సార్, తొంభై ఆరుకి.”

“అమ్మింది తిరిగొచ్చింది.”

చిన్నోడు కుర్చీలోంచి లేచాడు. అంతవరకూ ఆ హాలులో ఎన్నడూ వినిపించని పిలుపు అప్పుడు, చాలా మెల్లగా, వినిపించింది.

“బావా, ఒక్క నెల ఆగు. నిధికి వెళ్ళిపోతాయి. తర్వాత ఎవరికీ ఏమీ కాదు.”

“నిధి ఎవరిదిరా?”

“దానికి ఇరవయ్యేళ్ళు టైముంది బావా. ఆలోపు వంతెన పూర్తవుతుంది, ధర అదే వస్తుంది. నేను నమ్మే కొన్నాను.”

“నమ్మకమే ఉంటే, నిజంగా ఒక్క మెతుకు అమ్మడానికి భయమెందుకురా?”

మా సార్ ఫోన్ తీసి, అందరికీ వినిపించేలా మీట నొక్కి, మనతో ఆ బాండ్ల వ్యాపారం ఎప్పుడూ చేయని ఒక బ్యాంకు డీలరును పిలిచారు. కొనడానికో అమ్మడానికో చెప్పలేదు; రెండు ధరలూ అడిగారు.

“కొంటే నలభై ఒకటికి. అమ్మడానికి నా దగ్గర లేవు సార్, ఉంటే ఈపాటికి ఎవరికో అంటగట్టేవాణ్ణి.”

“నలభై ఒకటికి ఇచ్చాను” అన్నారు మా సార్.

ఆ చీటీ నా బల్ల మీదకే వచ్చింది. డబ్బు మరునాడు వచ్చింది. ఆ బాండు ఈసారి తిరిగి రాలేదు. నియమం ప్రకారం మిగిలిన గుట్ట మొత్తానికీ నలభై ఒకటే ధరైంది. మూడేళ్ళుగా చెప్పుకున్న లాభాలన్నీ ఒక్క పూటలో ఊడ్చుకుపోయాయి. అమ్మకం ఆగిపోయింది గనుక పింఛను నిధికి చీమ కుట్టినట్టయినా కాలేదు. కానీ జరగని నష్టానికి కృతజ్ఞత చెప్పేవారు ఏ లోకంలోనూ ఉండరు. ఆ బల్ల మూతపడింది. ముప్పై మందికి పైగా రోడ్డున పడ్డారు. వారిలో సగం మంది ఆ బాండ్లను కంటితో కూడా చూసినవారు కారు. నిధికి అమ్మాలన్న దివ్యమైన ఆలోచన చేసినవారు మాత్రం యథోచిత మర్యాదలతో మరింత పెద్ద పదవులకు వెళ్ళిపోయారు. చిన్నోణ్ణి బర్తరఫ్ చేశారు; ఇక ఏ బ్యాంకూ అతణ్ణి డీలరుగా తీసుకోవడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. అతడు భార్యనూ పిల్లనూ తీసుకుని వేరే ఊరు వెళ్ళి, ఒక టైల్స్ దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాడు. వెళ్ళే ముందు అక్క ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి, “నా మీద నిఘా పెట్టి మరీ పట్టించాడక్కా మీ ఆయన. ఆయనున్న చోట నేనుండను, ఆయన గొంతు నేను వినను” అని చెప్పి వెళ్ళిపోయాడు. లోపలి గదిలో మా సార్ అన్నీ వింటూనే ఉన్నారు.

క్యాంటీనులో ఆయన కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. ఉద్యోగం పోయిన ఒక డీలరు భార్య ఒకనాడు గేటు దగ్గర ఆయనను నిలేసింది. “మీ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కదా సార్. మా ఇంట్లో ఆర్పేశారు. మీ నిజాయితీ వండుకుని తినమంటారా?” ఆవిడ అనవలసినదంతా అనేదాకా ఆయన అక్కడే, ఎండలో, తల వంచుకుని నిలబడ్డారు. ఏ నియమాన్నీ అతిక్రమించలేదు గనుక ఆయనను ఏమీ చేయలేక, కుర్చీలూ బీరువాలూ కొనుగోలు చేసే విభాగానికి పంపారు. ఒకప్పుడు రోజుకు కోట్ల బాండ్లు తిప్పిన ఆ చేతులు ఎనిమిదేళ్ళుగా స్టూళ్ళకు కొటేషన్లు తెరుస్తున్నాయి. ఆ పని కూడా ఆయన అంతే శ్రద్ధగా చేశారు. మీరు ఇప్పుడు కూర్చున్న కుర్చీ కిర్రుమనడం లేదంటే అది ఆయన చలవే.

నాకూ ఆయన మీద కోపం వచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? కడుపులో పెట్టుకు పెంచిన పిల్లవాడిని ముందు రోజు సాయంత్రం ఇంట్లో కూర్చోబెట్టి, ఇదీ సంగతి, రేపు ఇలా చేయబోతున్నానని ఒక్క మాట చెప్పకూడదా? నలుగురిలో అలా నరికేయాలా? ఒకనాడు ఉండబట్టలేక ఆ మాట అడిగేశాను.

“చెప్పి ఉంటే వాడు ఏడ్చేవాడమ్మా” అన్నారాయన. “వాడేడిస్తే నేను ఆగిపోయేవాణ్ణి.”

పోయిన వారం ఈ సంచికకు ఫోటో కోసం, ఆయన ఆఫీసులో ఉన్న వేళ, నేను వారింటికి వెళ్ళాను. వదినగారు వంటింటి గట్టు మీద కూర్చుని పాత ఆల్బములు ముందేసుకున్నారు. ప్రతి ఫోటోలోనూ ముగ్గురు. మా సార్ ఒక్కరే ఉన్నది దొరకడం గగనమైంది. ఇంతలో గట్టు మీది ఫోన్ మోగింది. ఆమె చెయ్యి తుడుచుకోకుండానే తీశారు.

“ఆఁ... లేరు, ఆఫీసుకెళ్ళారు. తిన్నావా? ...పిల్లకి దగ్గు తగ్గిందా? ...నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ...సరే, సరే, పని చూసుకో.”

ఫోన్ పెట్టాక ఆమె చాలాసేపు ఆల్బము పేజీలు ఊరికే తిప్పారు.

“చిన్నోడేనా వదినా?”

“ఇంకెవరు? వారానికి రెండు మూడుసార్లు చేస్తాడు, ఈయన ఆఫీసులో ఉండే టైము చూసుకుని. ‘బావ ఉన్నాడా’ అనేదే మొదటి మాట. సెలవు రోజు పొరపాటున చేసి, ఈయన ఎత్తితే టక్కున పెట్టేస్తాడు.” ఆమె ఆల్బము మూసి పక్కన పెట్టారు. “ఒకటో తారీకు నుంచి ఈయన పొద్దస్తమానం ఇంట్లోనే కదమ్మా. వాడింకెప్పుడు చేస్తాడు? ఈయన్ని బయటికి పొమ్మననా? వాణ్ణి చెయ్యొద్దననా? అందరికీ రిటైర్మెంటంటే పండగలా ఉంటుంది, నాకు మాత్రం తమ్ముడు రెండోసారి పోతున్నట్టుంది.”

“సార్‌కి తెలుసా ఈ ఫోన్ల సంగతి?”

“ఏమో. నేను చెప్పలేదు, ఆయనడగలేదు.”

నిన్న మా సార్ తన బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే, ఏదో ఒకటి మాట్లాడాలని, “ఇంకేముంది సార్, ఇంట్లో కాలు మీద కాలేసుకుని హాయిగా విశ్రాంతి” అన్నాను.

“ఇంట్లో ఎక్కడమ్మా? మా వీధి చివర గ్రంథాలయం ఉంది కదా, రీడింగ్ రూమ్ తొమ్మిదింటికే తెరుస్తారు. ఫ్యాను కింద ఒక కుర్చీ చూసుకున్నా. భోజనం డబ్బా పట్టుకెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరతా. ఇన్నాళ్ళూ ఆఫీసుకెళ్ళినట్టే.”

“ఎందుకు సార్ ఈ వయసులో?”

ఆయన సొరుగు మూశారు. “మీ వదినకి పగటిపూట ఫోనొస్తుంది. ఆ టైములో నేనింట్లో ఉండకూడదు.”

“అలా ఎన్నాళ్ళని?”

“వాడు చేసినన్నాళ్ళు” అని, కాస్త ఆగి, “ఇది మాత్రం రాయకమ్మా” అన్నారు.

ఇరవై ఆరేళ్ళలో ఆయన మాట నేను కాదనడం ఇదే మొదటిసారి. ఈ సంచిక కాపీ ఒకటి తమ్ముడికి పోస్టులో పంపుతానని వదినగారు అన్నారు. కనుక ఈ నాలుగు మాటలూ అతడి కోసం. నాయనా, నీ మీద నిఘా పెట్టింది మీ బావ కాదు. ఆ ముక్క తిరిగొస్తోందని కనిపెట్టింది నేను, వెళ్ళి చెప్పింది నేను. ఆయన నన్ను కాపాడటానికి ఆ నింద తన మీద వేసుకుని ఎనిమిదేళ్ళు నోరు విప్పలేదు. నువ్వు చేసింది తప్పు, అది నీకూ తెలుసు. నలుగురిలో చేశాడన్న కోపం నీకు న్యాయమే, అది నాకూ ఉంది. కానీ పట్టించాడన్న కోపం మాత్రం నా వాటా, అది నాకిచ్చెయ్యి.

ఇక, ఇటువంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కోరడం మర్యాద. నేను మర్యాద కోసం కోరడం లేదు. రోజూ ఉదయం ఎండనకా వాననకా ఆ వీధి చివరి దాకా నడవగలిగే మోకాళ్ళను, సాయంత్రం దాకా చెక్క కుర్చీలో కూర్చోగలిగే నడుమును మా సార్‌కు, అంతే సత్తువను ఆ భోజనం డబ్బా కట్టి ఇచ్చే చేతులకు కూడా అడుగుతున్నాను. ఒక ఆదివారం నాడు ఆ ఇంట్లో ఫోన్ మోగి, ఆయనే ఎత్తి, అవతలివాడు పెట్టేయకుండా ఉండే రోజు వచ్చేదాకా, అది ఎన్నేళ్ళకు వచ్చినా సరే, అన్నేళ్ళూ ఆయన బతికి ఉండాలని కోరుకుంటున్నాను.